నాలుగోవాడి గిట్టుబాటు

మూడు ఆదివారాలు నా ల్యాప్‌టాప్ ఒకే ప్రశ్న అడిగింది. ఆట తెరవగానే తెర మధ్యలో ఒక చిన్న పెట్టె వచ్చేది. హంసలదీవి జట్టు యజమాని పలకడం లేదు, జట్టును కంప్యూటర్‌కి అప్పగించాలా, అని. కింద అవును, కాదు అని రెండు మీటలు. రెండూ నొక్కకుండా మూత దించేసేదాన్ని. యజమాని పలకడం లేదట! ఎట్లా పలుకుతాడు, పోయి నెల దాటింది.

అదేం ఆటో ముందు చెప్పాలి. అది బాస్కెట్‌బాల్ లీగు. నిజమైంది కాదు, కంప్యూటర్‌లో ఆడే ఉత్తుత్తి లీగు. ఎనిమిది జట్లు. ఆటగాళ్లను కంప్యూటరే పుట్టించి, ఒక్కొక్కరికి వయసు, ఎత్తు, బలం, ఓపిక అంకెల్లో ఇస్తుంది. యజమానులం మాత్రం నిజం మనుషులమే. ఒకప్పుడు బందరులో ఒకే కోర్టులో ఆడి, ఇప్పుడు తలో ఊళ్లో ఉన్న ఎనిమిది మందిమి. ఎవరిని ఆడించాలో ఎవరిని తీసెయ్యాలో వారం మధ్యలో చెప్పుకుంటాం. ఆదివారం చర్చి నుంచి రాగానే నేను మీట నొక్కితే ఆ వారం ఆటలన్నీ ఐదు నిమిషాల్లో అయిపోయి, ఎవరు ఎన్ని వేశారో ఎన్ని పోగొట్టారో చిట్టా వస్తుంది. గుడివాడలో ఒక కాలేజీలో కంప్యూటర్ పాఠాలు చెప్పేదాన్ని కాబట్టి ఈ పెత్తనం నాకు అంటగట్టారు. నా జట్టు పేరు గుడివాడ. ఆయన జట్టు హంసలదీవి.

ఆయన పేరు రాయను. రాసినా మా గుంపులో సగం మందికి వెంటనే తట్టదు. అందరికీ ఆయన మావయ్యే. ఎవరికీ చుట్టం కాదు. సముద్రం మీద బతికే కుటుంబంలో పుట్టి, వేటకి వెళ్లకుండా గిలకలదిండి హార్బరు దగ్గర ఐసు ఫ్యాక్టరీలో యంత్రాల పనికి కుదిరారు. సాయంత్రం డ్యూటీ దిగి కోర్టు వైపు వస్తుంటే ఆయనకంటే ముందు అమోనియా వాసన వచ్చేది. ఆరడుగుల పైన మనిషి. ఏ గుమ్మం దగ్గరైనా తల వంచేవారు, తగలదని తెలిసిన గుమ్మం దగ్గర కూడా.

నేను తొమ్మిదో తరగతిలో ఉండగా మొదటిసారి ఆయన నన్ను పిలిచింది కోర్టు కంచె అవతలి నుంచి.

"నాలుగో నంబరూ! ఆ మోచేతులు దేనికిచ్చాడమ్మా దేవుడు?"

"నా పేరు నాలుగో నంబరు కాదండీ," అన్నాను ఉడుకుమోత్తనంతో.

"పేరు బళ్లో. ఇక్కడ నంబరే."

బాస్కెట్‌బాల్‌లో ఐదుగురికి ఐదు స్థానాలు. నాలుగోది పవర్ ఫార్వర్డ్‌ది. రింగు కింద ఒళ్లు అడ్డం పెట్టడం, గురి తప్పి వెనక్కొచ్చిన బంతిని, అంటే రీబౌండ్‌ని, పట్టుకోవడం, వేసేవాళ్లకి అందించడం వాడి పని. దెబ్బలెక్కువ, చప్పట్లు తక్కువ. నేను ఆడింది ఆ స్థానంలోనే. ఆయనా కుర్రతనంలో అక్కడే ఆడారట. ఆ అలవాటు ఆయన ఒంటిని వదల్లేదు. బస్సు ఎక్కేటప్పుడు, చేపల వేలం పాట దగ్గర, రేషన్ వరసలో, ఎక్కడైనా మోచేతులు రెండు పక్కలా కొంచెం బయటికి పెట్టి నిలబడేవారు. ఆయన్ని దాటి ముందుకెళ్లినవాణ్ణి నేను చూడలేదు.

లీగు మొదలుపెట్టిన కొత్తల్లో చిట్టా మొత్తం ఫోన్లో చూసి, చివరి గడి దగ్గర ఆగి నాకు ఫోన్ చేశారు.

"అమ్మాయ్, ఈ ఎఫిషియెన్సీ అంటే ఏంటి?"

"సామర్థ్యం అండీ."

"ఎవడి సామర్థ్యం? సామర్థ్యం ఉండీ తగలేసేవాళ్లు ఎంతమంది లేరు! ఇది అది కాదు, చూసి చెప్పు."

చూసి చెప్పాను. వేసిన పాయింట్లు, పట్టిన రీబౌండ్లు, అందించినవి, లాక్కున్నవి అన్నీ కలిపి, అందులోంచి గురి తప్పినవి, చేజార్చుకున్నవి తీసేస్తారండీ, అని.

"ఓహో. తెచ్చిందాంట్లో పారేసింది పోను మిగిలింది. గిట్టుబాటు అని చెప్పొచ్చుగా, దీనికింత ఇంగ్లీషెందుకు?"

ఆ రోజు నుంచి మా ఎనిమిది మందికీ ఆ గడి పేరు గిట్టుబాటే. వరి గిట్టుబాటు, చెరువుల్లో రొయ్య గిట్టుబాటు వినీ వినీ పెరిగినవాళ్లం, ఇట్టే అతుక్కుంది. ఎంతగా అతుక్కుందంటే, ఒకరోజు క్లాసులో బోర్డు మీద ఒక ప్రోగ్రాం రాసి, పరధ్యానంలో, "ఇది నడుస్తుంది గానీ గిట్టుబాటు కాదు," అనేశాను. పిల్లలు నన్ను వారం రోజులు గిట్టుబాటు మేడమ్ అన్నారు. ఆ సంగతి చెప్తే మావయ్య కళ్లలో నీళ్లొచ్చేలా నవ్వారు.

ఆయన ప్రతి ఆదివారం ఒక పట్టీ వేసేవారు. ఎనిమిది జట్లలో మొదటి ఐదుగురిలో ఆడే నాలుగోవాళ్లను, ఆ ఎనిమిది మందినే, గిట్టుబాటు ప్రకారం ఒకటి నుంచి ఎనిమిది దాకా పేర్చే పట్టీ. ఐసు ఫ్యాక్టరీలో గంటగంటకీ రీడింగులు రాసుకునే పొడుగు కాగితాలుంటాయి. పాతబడినవాటి వెనకవైపు స్టీలు స్కేలుతో గీతలు కొట్టి, బాల్‌పెన్నుతో నింపి, ఫొటో తీసి మా వాట్సాప్ గుంపులో పెట్టేవారు. మధ్యాహ్నం రెండు దాటేది కాదు. ఫొటో తీయడం ఆయనకి చివరిదాకా రాలేదు. కుడివైపు కింద మూల ఎప్పుడూ ఆయన బొటనవేలు పడేది.

"మావయ్యా, ఆ గడి మీద ఒక్కసారి నొక్కితే కంప్యూటరే పేర్చేస్తుంది. ఈ కూడికలూ తీసివేతలూ ఎందుకండీ?" అన్నాను ఒకసారి. నా నోరు ఊరుకోదు.

"పేరుస్తుంది. వాడెవడో దానికి తెలుసా?"

ఆయనకి తెలుసు. ఆ ఎనిమిది మందికీ కంప్యూటర్ పెట్టిన పేర్లు తీసేసి సొంత పేర్లు పెట్టుకున్నారు. అక్కర్లేనిచోట దూరి దూరం నుంచి బంతి విసిరేవాడు పిలవని పేరంటం. పట్టిన బంతిని పట్టినట్టే వదిలేసేవాడు వెన్న చేతులు. నా జట్టువాడు మోతెక్కువ. "ఇరవై వేస్తాడు, పద్దెనిమిది పారేస్తాడు. వీడికి డప్పొకటి తక్కువ," అనేవారు. నాకు ఒళ్లు మండేది. కానీ పట్టీలో మాత్రం వాణ్ణి మూడో చోటు నుంచి ఒక్క మెట్టు కిందికి దించలేదు. లెక్క మూడు అంటే మూడే.

ఫౌళ్ల దగ్గర మాత్రం కంప్యూటర్‌తో ఆయనకి పేచీ. ఆట మొత్తం మీద ఒక్క ఫౌలూ చెయ్యని నాలుగోవాడికి తన పట్టీలో ఒక మార్కు కోసేవారు. ఇదెక్కడి న్యాయం అని అవనిగడ్డ సుధీర్ పోట్లాడాడు. సుధీర్ మా కంటే చిన్నవాడు, దివిసీమలో రొయ్యల మేత అమ్ముకుంటాడు, అవనిగడ్డ జట్టు వాడిది.

"నాలుగోవాడు రెండు ఫౌళ్లన్నా చెయ్యకపోతే ఆ రోజు వాడు పనిలోకి రానట్టే," అన్నారు మావయ్య. అందరం నవ్వాం గానీ ఆ మార్కు కోత ఆగలేదు.

హంసలదీవి నాలుగోవాడి పేరు పెద్దోడు. ముప్పై ఆరేళ్లు. ఈ ఆటలో ముప్పై మూడు దాటితే అంకెలు వారవారం రాలిపోతాయి. పెద్దోడికి రీబౌండ్లు తగ్గాయి, ఓపిక తగ్గింది. మావయ్య పట్టీలో ఎనిమిదో వరసలో వారం తర్వాత వారం వాడే. సొంత జట్టువాణ్ణి సొంత చేత్తో ఆఖర్న రాసి, ఫొటో తీసి, అందరికీ పంపేవారు.

"మావయ్యా, మళ్లీ మీవాడే ఆఖరు," అని సుధీర్ ఏడిపించేవాడు.

"తెలుసయ్యా. రాశానుగా," అనేవారు.

నేను ఊరుకోలేక ఒకరోజు ఫోన్ చేశాను. బయట ఇరవై రెండేళ్ల కుర్రాళ్లు ఖాళీగా ఉన్నారు, వీణ్ణి వదిలేసి ఒకణ్ణి తెచ్చుకోండి, జట్టు పైకొస్తుంది, అని. ఆయన విని, వేరే కబురేదో మొదలుపెట్టి, మధ్యలో ఆపి అన్నారు. "మోకాలు పోయిందని జిల్లా జట్టులోంచి నన్ను తీసేశారమ్మా. ఎవడూ మాట చెప్పలా. బోర్డు మీద పేర్లు చదువుకుంటా కిందిదాకా వెళ్లాను, నాది లేదు. అంతే." మళ్లీ తనే, "ఐసు కరుగుద్దని తెలిసే పెడతాం చేప మీద. కరిగితేనేగా చేప నిలిచేది. వాడు అడ్డం నిలబడ్డంవల్లే మా మూడోవాడు వేస్తున్నాడు, చూసుకో," అన్నారు. చూసుకున్నాను. నిజమే, హంసలదీవి మూడోవాడు బాగానే వేస్తున్నాడు. కానీ పెద్దోడు ఎనిమిదే.

ఎండాకాలంలో ఆయన కిడ్నీలు దెబ్బతిన్నాయని తెలిసింది. వారానికి మూడుసార్లు డయాలసిస్. ఎడమ చెయ్యి యంత్రానికి ఇచ్చి, కుడిచేత్తో అట్ట మీద కాగితం పెట్టుకుని కూడికలు వేసుకునేవారని అత్తయ్య చెప్పింది, అంటే ఆయన భార్య. పట్టీ మాత్రం ఒక్క ఆదివారం తప్పలేదు. హంసలదీవి వరసగా ఓడిపోతోంది. ఇంకొన్ని వారాలు ఇట్లాగే పోతే అట్టడుగున తేలుతుంది.

అప్పుడు నేనొక పని చేశాను. ఆట నడిపేదాన్ని కాబట్టి ఎవరి అంకెలైనా మార్చే వీలు నాకుంది. ఒక శనివారం పెద్దోడి బలం కొంచెం, ఓపిక కొంచెం, రీబౌండ్లు ఇంకొంచెం పెంచాను. ఎవరికి నష్టం, ఉత్తుత్తి ఆటేగా, పాపం ఆయన సంతోషపడతారు, అనుకున్నాను. ఇంత బుద్ధి లేని పని నేను ఇంకొకటి చేయలేదు.

ఆదివారం హంసలదీవి ఆ వారం ఆటలు మూడింటికి మూడూ గెలిచింది. గుంపులో అందరూ చప్పట్ల బొమ్మలు పెట్టారు. రెండయింది, మూడయింది, పట్టీ రాలేదు. నాలుగింటికి ఫోన్ వచ్చింది.

"అమ్మాయ్, రేపు సెలవు పెట్టి ఒకసారి బందరు రా."

పెడన మీదుగా ప్యాసింజర్‌లో వెళ్లాను. దారి పొడుగునా బాగానే ధైర్యం చెప్పుకున్నాను గానీ, గుమ్మంలో ఆయన్ని చూసేసరికి అదంతా మరిచిపోయాను. చిక్కి సగమైపోయారు. నన్ను లోపలికి తీసుకెళ్తూ గుమ్మం దగ్గర అలవాటుగా తల వంచారు, ఇప్పుడు అస్సలు అవసరం లేకపోయినా. అత్తయ్య నాకు పెద్ద గ్లాసుతో నీళ్లు తెచ్చింది. ఆయనకి నీళ్లు కొలత ప్రకారమే ఇవ్వాలట. ఆయన చిన్న గ్లాసు పక్కనే ఉంది, అడుగున రెండు గుక్కలు.

"నువ్వు తాగు. నేను చూస్తాను," అన్నారు నవ్వుతూ. నా గ్లాసు కూడా పక్కన పెట్టేశాను.

తర్వాత మంచం మీద రెండు కాగితాలు పక్కపక్కన పరిచారు. ఒకటి పోయిన వారానిది, ఒకటి ఈ వారానిది. ఈ వారం దాంట్లో పెద్దోడు రెండో వరసలో ఉన్నాడు.

"ముప్పై ఆరేళ్లోడు వారంలో ఇన్ని రీబౌండ్లు ఎట్టా తెచ్చాడమ్మా?"

"ఒక్కోసారి ఫామ్‌లోకి వస్తారండీ."

"మనసుకి ఫామ్ వస్తదేమో. మోకాళ్లకి రాదు." నా మొహంలోకి చూశారు. "చెయ్యి పెట్టావా?"

ఆయన ముందు అబద్ధం ఆడడం నాకెప్పుడూ చేతకాదు. పెట్టానని చెప్పాను. మీరు సంతోషపడతారని, అన్నాను.

ఆయనకి కోపం రావడం నేను చూసింది అదొక్కసారే. గొంతు పెంచలేదు.

"నాకు తిండి కొలత పెట్టారు, నీళ్లు కొలత పెట్టారు. ఎవడొచ్చినా మంచం పక్కన కూచుని, బాగానే ఉన్నారు మావయ్యా, తేరుకున్నారు మావయ్యా, అంటాడు. అబద్ధమని వాడికీ తెలుసు, నాకూ తెలుసు. వారానికి ఒక్క నిజం నేను నా చేత్తో రాస్తన్నాను. అది ఇదే. అది కూడా నీ జాలి మీద రాయమంటావా?"

నాకు ఏడుపొచ్చింది. ఏడుపొస్తే నాకు నోరు కూడా లేస్తుంది. "మరి ఆఖర్న ఉన్నవాణ్ణి మీరు ఉంచుకోవడం జాలి కాదా? మీరు చేస్తే ఒకటి, నేను చేస్తే ఒకటా?" అనేశాను. వంటింట్లో గిన్నెల చప్పుడు ఆగిపోయింది.

ఆయన కోపం దిగిపోయింది. నేను కోర్టులో మొదటిసారి సరిగ్గా ఒళ్లు అడ్డం పెట్టినప్పుడు చూసినట్టు చూశారు.

"మంచి మాటే అడిగావ్. కానీ ఉంచుకోడం వేరు, లెక్క మార్చడం వేరమ్మాయ్. ఎనిమిదోవాడని రాస్తాను. రాసి, ఐదుగురిలో నిలబెడతాను. లెక్క మార్చావనుకో, వాణ్ణి ఉంచుకున్నానని చెప్పుకోడానికి నాకేం మిగుల్తది? వాడు బాగా ఆడుతున్నాడు కాబట్టి ఉన్నాడంటారు."

భోజనం చేసి వెళ్లమంది అత్తయ్య. చందువా చేప వేయించింది. ఆయన ముందు తినడానికి నాకు సిగ్గేసింది గానీ, ఆయనే పళ్లెంలోకి చూస్తూ ఇంకో ముక్క వెయ్యమన్నారు.

ఇంటికొచ్చి పాత అంకెలు పెట్టేసి, ఆ వారం ఆటలన్నీ మళ్లీ ఆడించాను. ఎందుకు మళ్లీ ఆడించానో గుంపులో చెప్పాను కూడా, తప్పు నాదేనని. హంసలదీవి మూడింట్లో రెండు ఓడిపోయింది. అరగంటలో పట్టీ వచ్చింది. ఎనిమిది, పెద్దోడు. దాని కింద "సరిపోయింది" అని ఒక్క మాట. మూలన బొటనవేలు.

ఆ తర్వాత ఆయన ఎక్కువ రోజులు లేరు. చివరి పట్టీ ఆస్పత్రి నుంచి వచ్చింది. గీతలు వంకరగా ఉన్నాయి, స్కేలు లేనట్టుంది. కూడికలు మాత్రం తప్పు పోలేదు, నేను రెండుసార్లు చూశాను. ఎనిమిది, పెద్దోడు. ఆ ఫొటోలో బొటనవేలు లేదు. వేరే ఎవరితోనో తీయించారు. ఆ శుక్రవారం పోయారు.

పెద్దకర్మ రోజు అత్తయ్య నన్ను పక్కకి పిలిచి ఒక సంచి ఇచ్చింది. రాయకుండా మిగిలిన పొడుగు కాగితాలు, స్టీలు స్కేలు. "ఇవి ఎవరికి పనికొస్తాయే, నీకు తప్ప?" అంది. గుడివాడ వచ్చి అలమరలో పెట్టాను.

ఇంక ఈ పెట్టె సంగతి. అవును అంటే కంప్యూటర్ జట్టు నడుపుతుంది. అది ముందు చేసే పని ఏమిటో నాకు తెలుసు. దానికి అంకెలు తప్ప ఇంకేం కనిపించవు. ముప్పై ఏడు వచ్చిన ఎనిమిదోవాణ్ణి అది ఒక్క క్షణం ఉంచదు. కాదు అంటే లీగు ఇక్కడే ఆగుతుంది. మిగతావాళ్లు మూడు వారాలు నా మొహం చూసి ఓర్చుకున్నారు. నాలుగో వారం సుధీర్ ఫోన్ చేశాడు.

"అక్కా, ఎన్నాళ్లాపుతావ్? మావయ్యే ఉంటే ఒప్పుకునేవాడా?"

ఒప్పుకునేవారు కాదు. వెధవ నిజమే చెప్పాడు.

పోయిన ఆదివారం చర్చి నుంచి వచ్చి ల్యాప్‌టాప్ తెరిచాను. పెద్దోణ్ణి తీసెయ్యకుండా తాళం వేసే మీట కూడా నడిపేవాళ్ల దగ్గర ఉంటుంది. బాణం గుర్తు దాని మీదికి వెళ్లింది కూడా. అడుగున రెండు గుక్కలున్న గ్లాసు, నీ జాలి మీద రాయమంటావా అన్న మాట గుర్తొచ్చాయి. బాణం వెనక్కి తెచ్చి, అవును నొక్కాను.

తీసెయ్యడానికి కంప్యూటర్‌కి రెండు క్షణాలు పట్టలేదు. హంసలదీవి పట్టికలో పెద్దోడి పేరు కోసం కిందిదాకా చదువుకుంటూ వెళ్లాను. లేదు. జట్టు లేనివాళ్ల జాబితాలో ఉన్నాడు. అందులోంచి ఎవరైనా ఎవరినైనా తీసుకోవచ్చు, అది అందరికీ ఉన్న రూలే. అయినా ముందు గుంపులో రాశాను. "పెద్దోణ్ణి తీసేశారు. ఎవరికైనా కావాలా?" గంట ఆగాను. ఎవరికీ అక్కర్లేదు. అప్పుడు గుడివాడ జట్టులోకి తీసుకుని, మోతెక్కువని కూర్చోబెట్టి, మొదటి ఐదుగురిలో నాలుగో చోట పెద్దోణ్ణి పెట్టి, మీట నొక్కాను. మూడు ఆటలూ ఓడిపోయాం.

అలమరలోంచి ఒక పొడుగు కాగితం తీసి, స్కేలుతో గీతలు కొట్టాను. ఎనిమిది మందివి, తెచ్చినవి, పారేసినవి, ఫౌలు చెయ్యనివాడికి ఒక మార్కు కోత. చేత్తో కూడితే రెండు గంటలు పట్టింది. ఇంత పని ఆయన ఆ యంత్రం పక్కన ఎట్లా చేశారో నాకు తెలియదు. చివరి వరస దగ్గర ఏడుపు ఆపుకోలేదు, ఇంట్లో ఎవరూ లేరు కాబట్టి ఏడిచాను. కళ్లు తుడుచుకుని రాశాను. ఎనిమిది, పెద్దోడు, గుడివాడ.

ఫొటో తీసి గుంపులో పెట్టాను. రెండు దాటి ఇరవై నిమిషాలయింది. సుధీర్ వెంటనే ఫోన్ చేశాడు.

"అక్కా, నీవాడు ఆఖరు. అస్సలు గిట్టుబాటు కాడు. చూసుకున్నావా?"

"తెలుసురా. రాశానుగా," అన్నాను.